చెవులు రెండూ కనబడాలి

నేను ఒక హార్డ్ డిస్కును. ఐదువందల జీబీల సామ్రాజ్యానికి ఏకైక చక్రవర్తిని. అరచేతిలో ఇమిడే లోహపు కోటలో, నిమిషానికి ఏడువేల రెండువందల సార్లు తిరిగే పళ్ళేల మీద నా రాజ్యం విస్తరించి ఉండేది. ఇప్పుడు నా బిరుదు ఎం.ఓ.1, అనగా కోర్టువారి భాషలో మొదటి వస్తుసాక్ష్యం. గోధుమరంగు కవరు నా రాజవస్త్రం. దాని మీది లక్కముద్ర నా కిరీటం. కొలువు జిల్లా కోర్టు ప్రాపర్టీ గదిలో. కుడివైపు మంత్రి స్థానంలో తుప్పుపట్టిన కొడవలి, ఎడమవైపు సేనాపతి స్థానంలో రెండు సారా డబ్బాలు ఉన్నాయి.

సముద్రాల అవతల, ధూళికణం సైతం అనుమతి లేనిదే ప్రవేశించలేని ఒక గదిలో, నిలువెల్లా తెల్లని ముసుగులు ధరించిన మనుషులు నన్ను తయారుచేశారు. అంత శుభ్రంగా పుట్టినవాడికి తర్వాతి కాలంలో ఏమేమి మోయవలసి వస్తుందో వారు ఆలోచించి ఉండరు. అది వారి పని కాదు. మనుషుల్లో నేను మొదట గమనించిన గుణం ఇదే: ప్రతివారికీ తమ పని కానిది ఏదో చక్కగా తెలుసు.

ఉత్తరాంధ్రలోని ఒక చిన్న పట్టణంలో, బస్టాండు ఎదుట లక్కోజు భద్రాచారి గారి ఫోటో స్టూడియోలో నాకు పట్టాభిషేకం జరిగింది. భద్రాచారి యాభై ఏళ్ళ మనిషి. స్టూడియో పెట్టిన కొత్తలో ఒక పెళ్ళివారి మెమరీ కార్డు ఆయన చేతిలోనే చెడిపోయి, తలంబ్రాల నుంచి అప్పగింతల దాకా అంతా గాలిలో కలిసిపోయింది. పెళ్ళికూతురి తండ్రి మూడు రోజులు దుకాణం మెట్ల మీద కూర్చుని లేవలేదు. ఆనాటి నుంచి భద్రాచారి ఒక వ్రతం పట్టారు. ఎవరు ఏ కార్డు తెచ్చినా, ఒక్క ఫోటో ప్రింటు అడిగినా, ముందు ఆ కార్డులో ఉన్నదంతా నాలోకి దింపుకోవాలి. ఆ తర్వాతే మిగతా పని. ఆపైన ఇంటర్నెట్టులో ఎక్కడో ఒక భద్రమైన చోటికి నా కాపీ తనంతట తానే వెళ్ళే ఏర్పాటు కూడా చేయించుకున్నారు. దింపుకున్నదాన్ని ఆయన ఏనాడూ తెరిచి చూడలేదు. దాచడమే ఆయన ధర్మం. చూడడం పరాయివాళ్ళ ఇంట్లోకి తొంగిచూడడం అని ఆయన నమ్మకం.

ఊళ్ళోవాళ్ళ పేర్లు అడగడం కూడా ఆయనకు మొహమాటమే. అందుచేత నాలోని ఫోల్డర్లకు కనబడిన గుర్తులే పేర్లయ్యాయి: ‘మీసాల మాస్టారు’, ‘ఎర్ర స్కూటీ’, ‘తడిసిన గొడుగు’, ‘నవ్వని పెళ్ళికొడుకు’. నా సామ్రాజ్యంలో ప్రజలందరికీ బిరుదులే, అసలు పేరున్నవాడు ఒక్కడూ లేడు.

ఒక శ్రావణమాసపు మధ్యాహ్నం ‘గళ్ళచొక్కా - అర్జెంటు’ వచ్చాడు. ఫోనులోంచి కార్డు తీసి బల్ల మీద పెట్టి, అందులోని తన ఫోటోతో ఎనిమిది పాస్‌పోర్టు ప్రింట్లు కావాలన్నాడు. టీ తాగి వస్తానని వెళ్ళాడు. భద్రాచారి వ్రతం ప్రకారం కార్డంతా నాలోకి దిగింది. ఏం దిగిందో నేను చెప్పను. అది బిడ్డల పట్ల పెద్దలు చేసిన దుర్మార్గం. అరవైఒక్క ఫైళ్ళు. నాకు కళ్ళు లేవని, పళ్ళేలే ఉన్నాయని మొదటిసారి ఊరట పడ్డాను. గళ్ళచొక్కా తిరిగివచ్చి, ఫోటోలు తీసుకుని, వెలుగులో పెట్టి చూసుకుని, బాగున్నాయని మెచ్చుకుని వెళ్ళాడు.

దాచిన కాపీ యథావిధిగా ఇంటర్నెట్టుకు ఎగబాకింది. అక్కడి కాపలా యంత్రాలు దాన్ని పసిగట్టాయి. కబురు దేశాలు దాటి, ఢిల్లీ దాటి, ఐదు నెలలకు మా బస్టాండు ముందు పోలీసు జీపుగా వచ్చి ఆగింది. కంప్యూటరుతో సహా నన్నూ, భద్రాచారినీ ఎక్కించుకున్నారు.

పోలీసు స్టేషనులో నాకు జరిగిన మర్యాద చరిత్రలో ఏ బందీరాజుకూ జరిగి ఉండదు. పట్టుకున్న వస్తువును ఆ క్షణమే సీలు చేయాలి. చేసేముందు దానిలోని సమస్తాన్నీ లెక్కగట్టి ఒక అంకె తీయాలి. మనిషికి వేలిముద్ర ఎలాగో డిస్కుకు ఆ అంకె అలాగ. ఒక్క అక్షరం మారినా అంకె మారిపోతుంది. మా స్టేషనులో ఆ సంగతి తెలిసినవారు ఆ వారం సెలవులో ఉన్నారు. పైగా స్టేషను కంప్యూటరు పాడై ఉంది. నన్ను ఫలానా తేదీన, ఫలానా మధ్యవర్తుల సమక్షంలో స్వాధీనం చేసుకుని అక్కడికక్కడే సీలు వేసినట్టు పంచనామా రాయాలి. దేనిమీద రాయాలి? ఎదురుగా నేనున్నాను కదా! రెండు రోజుల తర్వాత నన్నే ఆన్ చేసి, నన్ను సీలు చేసినట్టు నామీదే టైపు చేసి, ‘పంచనామా ఫైనల్’ అని పేరుపెట్టి, నాలోనే దాచారు. ఆ తర్వాత నాకు కిరీటం పెట్టారు.

డెబ్బైనాలుగు రోజులకు భద్రాచారికి బెయిలు వచ్చింది. వాయిదాలకు కానిస్టేబులు నన్ను సంచిలో పెట్టుకుని కోర్టు వరండా బల్ల మీద కూర్చునేవాడు. ఆ వరండాలోనే ఆయనా, ఆయన లాయరు కనకమహాలక్ష్మీ మాట్లాడుకోగా విన్నాను.

“ఆ గళ్ళచొక్కా ఎవరండీ ఆచారిగారూ?”

“నాకు తెల్దమ్మా. అర్జెంటన్నాడు. అర్జెంటని రాసీసేను.”

“మొహం గుర్తుందా?”

“మొహమా? రోజుకి నలభై మొహాలు కత్తిరించీవోణ్ణి తల్లీ. పాస్‌పోర్టు రూలుకి చెవులు రెండూ కనబడ్డాయా నేదా అని చూస్తాను గానీ, మొహం ఎవుడు చూస్తాడు?”

లాయరు నవ్వబోయి ఆగిపోయింది. “బిడ్డల రక్షణకని చేసిన ఈ చట్టంలో ఒక చిక్కుంది. అవి మీ దగ్గరున్నాయని వాళ్ళు చూపిస్తే చాలు. మీకు తెలియదని నిరూపించుకోవలసింది మనమే.”

“తెలీకపోడాన్ని ఎలగ నిరూపిస్తాం? నేనిది చూశానని చెప్పడానికి సాక్షులుంటారు. చూణ్ణేదని ఎవుడొచ్చి చెప్తాడు?”

పక్కనే ఉన్న ఆయన భార్య వరహాలమ్మ కొంగుతో ముక్కు తుడుచుకుంది. స్టూడియో అద్దాలు పగిలాయట. ఊళ్ళో తల్లులు వరసగా వచ్చి, తమ పిల్లల స్కూలు ఫోటోలు తిరిగి ఇచ్చేయమని ఆమెతో దెబ్బలాడారట. “ఇచ్చీవే, అన్నీ ఇచ్చీవే అని మీద పడిపోనారమ్మా. నేనెక్కణ్ణుంచి తెచ్చీది? అన్నీ పోలీసోళ్ళ దగ్గరే ఉన్నాయి.”

లాయరు పిటిషను పెట్టి, పోలీసులు నన్ను పరీక్షకు పంపిన ఫోరెన్సిక్ ల్యాబులో అధికారుల ఎదుట నన్ను పరిశీలించడానికి అనుమతి సంపాదించింది. ల్యాబువారిని పోలీసులు అడిగిన ప్రశ్న ఒకటే: అటువంటి ఫైళ్ళు ఉన్నాయా, ఉంటే ఎన్ని? వారు ఉన్నాయని, అరవైఒకటని జవాబిచ్చి చేతులు కడుక్కున్నారు. అదే ఫోల్డరులో అరవైరెండో ఫైలు ఏమిటని ఎవరూ అడగలేదు. ఆమె అడిగింది. తెర మీద ఒక మనిషి ముఖం వచ్చింది. నలభై ఏళ్ళుంటాయి. తెల్లగోడ ముందు, తల దువ్వుకుని, గళ్ళచొక్కా గుండీలు మెడదాకా పెట్టుకుని ఉన్నాడు. ఆమె ఆ ఫైలు తేదీ కాగితం మీద రాసుకుంది. తర్వాత తేదీలు వెతుకుతూ ఇంకొంచెం కిందికి వెళ్ళేసరికి ‘పంచనామా ఫైనల్’ కనబడింది.

నా సామ్రాజ్యంలో ఆ రోజు ఆమెకు రెండు తాళంచెవులు దొరికాయి. ఒకటి నిజానిది. రెండోది జైలు తలుపుది.

తర్వాతి వాయిదాకు వరండాలో ఆమె మెల్లగా వివరించింది. “ఆ ఫోటో చూపిస్తే, కార్డు అతనిదేనని వాదించవచ్చు. కాని వీడు కూడా మీ దగ్గరికొచ్చిన ఒక గిరాకీ, మిగతావి మీరే చేర్చుకున్నారు అని ప్రభుత్వం తరపు లాయరు పి.పి. గారంటారు. జడ్జిగారు ఏది నమ్ముతారో చెప్పలేను. నమ్మకపోతే ఐదేళ్ళు. అదే పంచనామా చూపిస్తే, సీలు వేశామన్న తేదీ తర్వాత పోలీసులే డిస్కును మార్చారని తేలిపోతుంది. డిస్కే చెల్లదు. కేసు నిలబడదు.”

“రెండూ చూపించీయండి!”

“డిస్కు చెడిపోయిందని ఒకసారి, డిస్కు మాట నమ్మండని ఇంకోసారి నేనే ఎలా అంటానండీ?”

భద్రాచారి లేచి నిలబడ్డారు. “అయితే ఆ మొహమే చూపించండమ్మా. సీలు సరిగ్గా ఎయ్యనేదని ఒదిలీసేరంటే ఊరు నన్నేటనుకుంటాది? చేసినోడే, తప్పించుకున్నాడంటాది. నాకు అలగొద్దు.”

“ఏటొద్దు?” అంది వరహాలమ్మ. అంతవరకూ గొంతు పెంచని మనిషి. “డెబ్బైనాలుగు రోజులకే ఇలగయిపోనావు. ఐదేళ్ళంటే నువ్వు మిగుల్తావా? పేరు నాకొద్దు. మనిషి కావాలి. ఆ పంచనామాయే చూపించీయండి లాయరమ్మా, నేను చెప్తన్నాను.”

ఆయన కూర్చున్నారు. కానిస్టేబులు నన్ను ఒడిలోకి లాక్కుని పక్కకు తిరిగి కూర్చున్నాడు.

క్రాసు ఎగ్జామినేషన్ రోజున, నన్ను పట్టుకుని కేసు కట్టిన సి.ఐ. గారిని ఆమె అడిగిన ప్రశ్నలు తక్కువ.

“సీలు అక్కడికక్కడే వేశారు?”

“వేశామండి.”

“తర్వాత డిస్కును ఎవరూ తెరవలేదు?”

“తెరవలేదండి.”

“మరి ఆ సీలు వేసినట్టు రాసిన పంచనామా, రెండు రోజుల తర్వాత, సీల్లోపల ఉన్న డిస్కులోకి ఎలా వెళ్ళింది?”

కోర్టు హాలంతా నవ్వింది. సి.ఐ. గారు ఫ్యాను వైపు చూశారు. పి.పి. గారు కాగితాల వైపు చూశారు. జడ్జిగారు మాత్రం నా వైపు చూశారు. నా జీవితంలో అంతటి వైభవం అదే మొదలు, అదే ఆఖరు. అరవైఒక్క ఫైళ్ళలోని బిడ్డలు ఎవరు, ఏ ఊరివారు, ఇప్పుడు ఎక్కడున్నారు అనే ప్రశ్న ఆ రోజు కూడా రాలేదు. అది ఎవరి పనీ కాదు.

వస్తుసాక్ష్యం విశ్వసనీయం కాదని, ముద్దాయిని సంశయలాభం కింద విడుదల చేయడమైనదని, అప్పీలు గడువు తీరాక ఎం.ఓ.1ను ధ్వంసం చేయవలసినదని తీర్పు వచ్చింది. భద్రాచారి దండం పెట్టారు. ఆయన ముఖంలో సంతోషం లేదు. సంశయం అన్న మాటను ఆయన చక్కగా విన్నారు.

కనకమహాలక్ష్మి ఊరుకోలేదు. నెల తిరగకుండా, గళ్ళచొక్కా మనిషిని వెతకమని అర్జీ పట్టుకుని సి.ఐ. గారి దగ్గరికి వెళ్ళింది. ఆయన ఇచ్చిన జవాబు మా ప్రాపర్టీ గుమాస్తా పక్క సెక్షను గుమాస్తాకు నవ్వుతూ చెబితే నాకు చేరింది.

“ఏ డిస్కు మేడం? మీరే కదా అది నమ్మడానికి పనికిరాదని కోర్టు చేత రాయించారు? అన్నారట సి.ఐ. గారు.”

“మరేటందట లాయరమ్మ?”

“ఏటంటాది? అర్జీ మడిచి సంచిలో పెట్టుకుని వచ్చీసిందట.”

మొన్న భద్రాచారి వచ్చి తన కెమెరాను, ఖాళీ కంప్యూటరు పెట్టెను సంతకం పెట్టి తీసుకున్నారు. స్టూడియో మూసేశారట. బోర్డు దింపేశారట. వెళ్తూ వెళ్తూ గుమాస్తాను ఒక మాట అడిగారు.

“దాన్ని పగలగొట్టీముందు, అందులో ఒక ఫోటో ఉంది బాబూ. ఒక్కసారి చూపిస్తారా? ఈసారి మొహం చూస్తాను.”

“రూల్సు ఒప్పుకోవండి” అన్నాడు గుమాస్తా. చెడ్డవాడు కాడు. కుర్చీ కూడా చూపించాడు.

నాకిక మిగిలింది సుత్తి. అది పడిన రోజున మీసాల మాస్టారు, ఎర్ర స్కూటీ, నవ్వని పెళ్ళికొడుకు, ఆ తల్లులు తిరిగి అడిగిన స్కూలు పిల్లలు, పేరు తెలియని ఆ బిడ్డలు అందరూ ఒకే దెబ్బకు పొడి అవుతారు. అంతవరకూ నేను భద్రాచారి ధర్మాన్నే పాటిస్తున్నాను. దాచి ఉంచాను. ఆ గళ్ళచొక్కా మనిషి నాలో ఇంకా అలాగే ఉన్నాడు, తెల్లగోడ ముందు, తల దువ్వుకుని, పెదవులు బిగించుకుని. చెవులు రెండూ స్పష్టంగా కనబడుతున్నాయి.