పాపమ్మాళ్ అవ్వ చెప్పిన బొమ్మల కథ

కోవిల్‌పట్టి నుంచి విరుదునగర్ పోయే బస్సులో సంతోషంతో పాపమ్మాళ్ కాళ్ళు నేల మీద ఆనడం లేదు. ఒళ్ళో ట్రంకుపెట్టె, పక్కన తొమ్మిదేళ్ళ మనవరాలు అభినయ. కొడుకూ కోడలూ తాయిల్‌పట్టిలో టపాసుల పనికి పోతారు. ఆ మందు గాలి పిల్లకి తగలకూడదని ముసలమ్మ ఆర్నెల్లు కాళ్ళరిగేలా తిరిగి, విరుదునగర్ హాస్టలు బడిలో సీటు సంపాదించింది. ఇవాళ చేర్చేసి రావాలి.

అభినయ చేతిలో బొమ్మల పుస్తకం ఉంది, వీడ్కోలుకి పాత బడి టీచరు ఇచ్చింది. పాపమ్మాళ్ లాక్కుంది. అక్షరమ్ముక్క రాదు గానీ, బొమ్మ కనబడితే కథ చెప్పకుండా ఉండగలదా ఆవిడ!

"ఇదో చూడు పాపా, పిల్లకాయలు వరసగా నిలబడుండారు. తెల్లగుడ్డల అమ్మ కత్తెర పట్టుకోనుండాది. కులదేవం గుళ్ళో మొట్ట, గుండు మొక్కు! మీ నాయనకీ ఇట్లే కొట్టిస్తిమి. ఇదో, కొత్త గుడ్డలు గూడా తొడిగినారు. ఎంత లచ్చణంగా ఉండారో!"

"గుడి కాదవ్వా, పళ్ళికూడం, హాస్టలు బడి," అంది అభినయ. "కెనడా అని ఒక దేశం. అక్కడ మొదటినుంచీ ఉండే జనం పిల్లల్ని దొరలు పట్టుకోనిపోయి హాస్టల్లో వేసినారంట. జుట్టు కోసేసినారు. పేరు తీసేసి నంబరు ఇచ్చినారు. ఇంటి మాట మాట్లాడితే కొట్టినారు."

పాపమ్మాళ్ మళ్ళీ బొమ్మ కేసి చూసింది. అయ్యో, ఇంతసేపూ మొక్కుబడి అనుకుని మురిసిపోయిందే! సిగ్గుతో చచ్చిపోయింది.

"ఇంటి మాటకి కొట్టేదా? వాళ్ళ చేతులు పడిపోనూ! కన్నోళ్ళు ఎట్లా ఊరకుండిరే?"

"పోలీసులొచ్చి లాక్కోని పోయిరంట. కొందరు పిల్లకాయలు తిరిగి రానే లేదు."

ముసలమ్మ పుస్తకం ఠపీమని మూసేసింది. "అది ఆ దేశం పీడ. మనది మంచి హాస్టలు తల్లీ. మూడు పూటలా అన్నం పెడతారు. నీ మీద ఎవరూ చెయ్యెత్తరు."

అభినయ సంచిలోంచి మడత కాగితం తీసి అవ్వ చేతిలో పెట్టింది. సీటు ఇచ్చిన రోజున హాస్టలువాళ్ళు పాపమ్మాళ్ చేత వేలిముద్ర వేయించుకున్న కాగితానికి నకలు అది.

"ఏముండాది ఇందులో?"

"రూల్సు. పేలు పడకుండా జుట్టు మెడ దాకా కోస్తారు. తమిళం, ఇంగ్లీషే మాట్లాడాల. మన ఇంటి తెలుగు మాట్లాడితే మోకాళ్ళ మీద నిలబడాల. పరీక్షలయ్యేదాకా ఇంటికి పంపరు."

పాపమ్మాళ్ కాగితాన్ని కళ్ళ దగ్గరికి తెచ్చుకుంది. కాగితం అడుగున నల్లటి వేలిముద్ర. ఆవిడదే. ఏ పోలీసూ రాలేదు, ఎవరూ లాక్కుపోలేదు, తానే తీసుకెళ్తోంది.

"ఇది నీకెప్పుడు తెలుసే?"

"నువ్వు తెచ్చిన దినమే చదివితిని."

"ఏంటికే చెప్పలేదు?"

"నువ్వు శానా సంతోషంగా ఉంటివి కదవ్వా."

బస్సు సాత్తూరులో ఆగింది. పాపమ్మాళ్ పెట్టె ఎత్తుకుని లేచింది.

"విరుదునగర్ ఇంకా రాలేదు పాట్టీ," అన్నాడు కండక్టరు తమిళంలో.

"రాకపోతే పోనీ. దింపు!"

రోడ్డు మీద పెట్టె దించి పిల్లని దగ్గరికి తీసుకుంది. "మీ నాయనకి నేను చెప్పుకుంటాలే. తాయిల్‌పట్టికి మాత్రం పోనియ్యను, నా దగ్గరే పెట్టుకోని ఏదో బడి చూస్తా."

వారం రోజులుగా కంట నీరు పెట్టని పిల్ల, అవ్వ కోకలో మొహం దాచుకుని భోరున ఏడ్చింది.