అరచేతి మీద నల్ల చార

ఆర్చీ పోయినప్పటి నుంచి ఎవరూ పదును పెట్టని కత్తి, శనివారం పొద్దున ఎఫీ మణికట్టు మీది నూగును తాకగానే నున్నగా గొరిగేసింది.

ఆమె చెయ్యి గబుక్కున వెనక్కి లాక్కుంది. సముద్రపు గాలికి తుప్పు పట్టకుండా వారం వారం నూనె రాసి సొరుగులో పెట్టడమే తప్ప, మొగుడి కత్తిని ఆమె ఏనాడూ పదును పెట్టే పట్టీకి రాయలేదు. తలుపు వెనక వేలాడుతున్న ఆర్చీ తోలు పట్టీ వైపు చూసింది. ఇన్నాళ్ల దుమ్ము అంచుల్లో అలాగే ఉంది. నడిమధ్యన మాత్రం తోలు నిగనిగలాడుతోంది.

మంగలి షాపు కత్తులన్నీ అద్దాల బీరువాలో ఉండగా, ఎవరికీ గుర్తులేని కత్తిని వెతికి మరీ పదును పెట్టారంటే అది గడ్డం గీయడానికి కాదు. ఆ రోజుల్లో సిడ్నీ సందుల్లో రౌడీల చేతుల్లో మంగలి కత్తులు ఏం పని చేస్తున్నాయో వాళ్ల సర్రీ హిల్స్ పేటలో చంటిపిల్లలకు కూడా తెలుసు.

తలుపులు చూసింది, కిటికీలు చూసింది. గడియలు వేసినవి వేసినట్టే ఉన్నాయి. రాత్రి మేడ మీద పడుకున్నది తను. కింద ఈ వెనక గదిలో షాపులో పనిచేసే క్లారీ. మూడో మనిషి లేడు.

"టీ చల్లారిపోతోంది మిస్సెస్," అంటూ క్లారీ లోపలికి వచ్చాడు. ఎఫీ సొరుగు మూసేసింది. "చల్లటి టీ తాగితే మీ మొహం ఎలా ఉంటుందో నాకు తెలుసు. ఉన్న బేరాలు కూడా పారిపోతాయి."

కప్పు అందించాడు. అతని ఎడమ అరచేతి దిగువన, మణికట్టు పక్క కండ మీద, సన్నటి నల్ల చార.

ఎఫీ కప్పు అందుకుంటూనే దాన్ని గమనించింది. పదును కోసం షాపు పట్టీలకు పూసేది ఎర్ర ముద్ద. దీపపు మసిలో కొవ్వు కలిపి నల్ల ముద్ద చేసుకున్నవాడు ఈ వీధిలో ఆర్చీ ఒక్కడే. పట్టీకి రాశాక కత్తిని గుడ్డతో తుడిచి, చివరగా అరచేతి కండ మీద అటూ ఇటూ లాగితే గానీ ఈ పనివాళ్లకు తృప్తి ఉండదు. తుడవడం మర్చిపోతే ఆ మసి చర్మానికి అంటుకుంటుంది. సబ్బుకు లొంగదు.

"చేతికేమైంది?"

"బూట్ పాలిష్ మిస్సెస్. ఆదివారం చర్చికి వెళ్దామని."

క్లారీ చర్చికి వెళ్లగా ఎఫీ ఎప్పుడూ చూడలేదు.

నిన్న సాయంత్రం తనే నోరు జారింది. పక్క సందులో టూమీ అనేవాడి మొహం ఎవరో కోసి నెలయింది. ఎఫీ మేడ కిటికీలోంచి చూసింది, కానీ మొహం కనిపించలేదు, టోపీ, వీపు, చేతులు మాత్రమే. బ్రేడీ అనే రౌడీని పట్టుకుని లోపల వేశారు. సోమవారం కోర్టులో ఆమె సాక్ష్యం. "ఇప్పుడు గుర్తొస్తోంది క్లారీ," అంది నిన్న. "వాడు కత్తిని టూమీ కోటుకే తుడిచి, మూసేముందు అరచేతికి రాసుకున్నాడు, అచ్చం మన మంగలి పనివాళ్లలాగే. జడ్జీగారికి ఇది కూడా చెప్తాను." నేల ఊడుస్తున్న క్లారీ చీపురు అప్పుడు ఒక్క క్షణం ఆగింది. ఆమె పట్టించుకోలేదు.

అతను షాపు తెరవడానికి ముందు గదిలోకి వెళ్లగానే ఎఫీ సొరుగు లాగింది. కత్తి అంచును గాజు గ్లాసు అడుగున గట్టిగా గీసింది. ఇక అది వెన్నను కూడా సరిగ్గా కోయదు. తుడిచి, ఉన్నది ఉన్నట్టే పెట్టేసింది.

మసి చార చూపించి పోలీసులకు ఏం చెప్తుంది? నవ్వుతారు. అలా అనుకుంటుండగానే పోలీసు సార్జెంట్ కీల్ ప్రతి శనివారంలాగే గడ్డం గీయించుకోవడానికి వచ్చి కూర్చున్నాడు. పొగతాగే పైపును అద్దం కింద అరమీద పెట్టి, మెడ వెనక్కి వాల్చి, కళ్లు మూసుకున్నాడు.

"సోమవారం మంచి టోపీ పెట్టుకురండి మిసెస్ హారిగన్," అన్నాడు నురగలోంచి. "ఆ జడ్జీ ముందు టోపీ చూస్తాడు. సాక్ష్యం తర్వాత."

"కదలకండి సార్జెంట్," అన్నాడు క్లారీ. "మీ గొంతులో ముడి పందెపు గుర్రంలా ఎగురుతోంది."

కత్తి ఆ ముడి మీద ఆగింది. అద్దంలో క్లారీ చూపు సార్జెంట్ మీద లేదు, ఎఫీ మీద ఉంది. ఆమె నోరు తెరిచి మూసింది.

"ఏదో అనబోయారు మిస్సెస్?"

"తువ్వాలు వేడిగా ఉందా అని."

ఎఫీ అరమీది పైపును తుడుస్తున్నట్టు గుడ్డతో కప్పి తీసి, ఏప్రన్ జేబులో వేసుకుంది. పైపు లేనిదే కీల్‌కు భోజనం అరగదు. వెతుక్కుంటూ రావాలి. త్వరగా రావాలి.

మధ్యాహ్నం ఆఖరి బేరం వెళ్లిపోయాక, రోజూలాగే ఆమె షాపు కత్తులన్నీ తుడిచి బీరువాలో పెట్టి తాళం వేసింది. తాళంచెవిని బూటులోకి జారవిడిచింది. వెనకాల క్లారీ కిటికీ తెర దించాడు. తలుపు గడియ పడింది. వెనక గదిలో సొరుగు కిర్రుమంది.

తిరిగొచ్చినప్పుడు అతని కుడిచెయ్యి వీపు వెనక ఉంది.

"కూర్చోండి మిస్సెస్. పొద్దుట్నుంచి నిలబడే ఉన్నారు."

కూర్చోకూడదని ఉంది. కానీ కీల్ వచ్చేదాకా కాలం గడపాలి. కస్టమర్ల కుర్చీలోనే కూర్చుంది. కత్తి తెరుచుకున్న చప్పుడు చెవి పక్కనే వినిపించింది.

తర్వాత ఏమీ జరగలేదు.

తల తిప్పి చూసింది. క్లారీ చొక్కా చేతిని పైకి లాక్కుని, ముంజేతి మీద కత్తితో నూగును పరీక్షిస్తున్నాడు. వెంట్రుక తెగలేదు. మళ్లీ చూశాడు. కత్తిని వెలుతురుకు పట్టి కళ్లు చికిలించాడు. పదును చూసుకోకుండా ఏ మనిషి గొంతు మీదా కత్తి పెట్టి ఎరగడు. ఆమెను పూర్తిగా మర్చిపోయినవాడిలా కుర్చీ పక్కనున్న పట్టీని అందుకుని రాయడం మొదలుపెట్టాడు. సర్రు, సర్రు.

"పట్టీకి రాదు క్లారీ," అంది ఎఫీ. "గాజుకి గీశాను. సానరాయి కావాలి."

చప్పుడు ఆగింది. అప్పుడే తలుపు మీద గట్టిగా కొట్టారు.

"మిసెస్ హారిగన్, నా పైపు ఇక్కడే మర్చిపోయానా?"

క్లారీ కత్తి మూసి ఆమె ఒళ్లో పెట్టాడు. నేల మీద, కత్తిరించిన జుట్టు మధ్యన, కూర్చుండిపోయాడు.

"తలుపు తీయండి మిస్సెస్. ఆయన ముందు కూడా ఇదే చెప్తాను. సందులో మీరు చూసింది నన్నే. బ్రేడీకి ఏ పాపం తెలీదు. తన మాట వినలేదని మా చెల్లి డాట్ చెంప కోశాడు టూమీ. భయపడి అది ఎవరికీ చెప్పలేదు. నేను వాడికి అదే చోట, అంతే పొడవున కోశాను. దానికి నాకు బాధ లేదు. కానీ నిన్న మీరు అరచేతి సంగతి ఎత్తేసరికి నా మతి పోయింది. రాత్రంతా ఆర్చీగారి పట్టీ మీద ఈ కత్తిని రాస్తూనే ఉన్నాను. పదును చాల్లేదు, చాల్లేదు అనుకుంటూ. మీకు నొప్పి తెలియకూడదని."