మూల మీది దేవుళ్ళు

బంగారు గనుల ఊరు రాబర్ట్‌సన్‌పేటలో మార్కెట్టు వెనక మూడు వీధులు కలిసే మూల ఒకటుంది. ఇంటింటికీ బండి వచ్చి తడి చెత్త, పొడి చెత్త వేరువేరుగా అడిగి మరీ తీసుకుపోతుంది. అయినా ఆ మూలలో ఒక సంచి విసిరితేగానీ అక్కడి జనానికి తెల్లవారినట్టుండదు. ఊడ్చేది నేత్రావతి. బెంగళూరు నుంచి తనిఖీవాళ్ళు వస్తున్నారనీ, ఆ రోజు మూలలో చెత్త కనిపిస్తే ఆమె పని పోయినట్టేననీ ఊడ్చే కాంట్రాక్టరు దగ్గర మేస్త్రీ జగదీష్ చెప్పేశాడు. మొగుడు పోయిన మనిషి, ఆ జీతంతోనే ఆమె పొయ్యి వెలుగుతోంది.

బతిమాలి చూసింది, తిట్టి చూసింది, ముగ్గు వేసి చూసింది. ముగ్గు మధ్యలోనే సంచులు పడ్డాయి. చివరికి ఇంట్లోని వెంకటరమణస్వామి పటం తెచ్చి ఆ గోడకు తగిలించింది. బంగారు గనిలోకి దిగే ముందు ఆమె మామ రోజూ మొక్కిన పటం అది. మేకు నుంచి తీస్తుంటే ఆమెకు ఏడుపొచ్చింది.

మంత్రం వేసినట్టు చెత్త ఆగిపోయింది. మన జనం మనుషులకు జంకరు గానీ పటానికి జంకుతారు. మూడోరోజు ఎదురింటి లక్ష్మీదేవమ్మ అద్దం పగిలిన సరస్వతి పటం ఒకటి తెచ్చి గోడకు ఆనించింది.

"ఈడెందుకు పెడతావుండావమ్మా?" అంది నేత్రావతి.

"పగిలిన పటం ఇంట్లో ఉండకూడదు గదా! కసువులో ఏస్తే పాపం. ఇన్నాళ్ళూ చెరువుదాకా పోవల్సి వచ్చేది. ఇప్పుడు సామి ఈడే ఉండాడు, ఆయన పక్కన ఉంటాదిలే."

ఇంకేముంది, వీధి వీధంతా కదిలింది. మాసిన క్యాలెండర్లు, చెయ్యి విరిగిన బొమ్మలు, ఎండిన పూలదండలు, వినాయకుడి బొమ్మ ఉన్న పాత పెళ్ళిపత్రికలు వచ్చిపడ్డాయి. తనిఖీ రోజుకు కుప్ప నడుమెత్తు అయింది.

"ఎత్తి బండిలో ఎయ్యి, నేత్రమ్మా!" అన్నాడు జగదీష్.

"దేవుళ్ళను కసువు బండిలోనా? నువ్వే ఎయ్యన్నా."

జగదీష్ చెయ్యి చాపి, వెనక్కి తీసుకుని, కళ్ళకద్దుకున్నాడు. ఇంతలో తనిఖీ అధికారి రానే వచ్చాడు. కుప్పను చూసి బూట్లు విప్పాడు, దణ్ణం పెట్టుకున్నాడు. "చెత్త లేదు. పూజాస్థలం ఉన్నది" అని రాసుకుని వెళ్ళిపోయాడు. నేత్రావతికి పోయిన ప్రాణం లేచొచ్చింది.

సాయంత్రం జగదీష్ మళ్ళీ వచ్చాడు, తల వంచుకుని.

"కాంట్రాక్టరు ఆ రిపోర్టు చూసినాడు. చెత్త లేని మూలకు ఊడ్చే మనిషి ఎందుకన్నాడు. రేపట్నుంచి నువ్వు రావద్దంట."

"చెత్త ఉంటే పని పోతాదంటివి. లేకున్నా పోతాదా?"

"నేనేం చేసేది తల్లీ!"

ఒళ్ళు మండిపోయింది నేత్రావతికి. తోపుడుబండి తెచ్చి దేవుళ్ళనందరినీ ఒక్కొక్కరినే జాగ్రత్తగా ఎక్కించి, తన ఒంటిగది ఇంటికి తోసుకుపోయింది. నాలుగు గోడల పొడవునా వాళ్ళే. మామ పటాన్ని పాత మేకుకే తగిలించి, తాను వాకిట్లో చాప వేసుకుంది.

తెల్లవారగానే ఇంటి చెత్త మూటకట్టి ఆ మూలలో పెట్టి వచ్చింది. అలవాటు ఎక్కడికి పోతుంది, తడి ఒక సంచిలో, పొడి ఒక సంచిలో. వాకిట్లో నీళ్ళు చల్లుతున్న లక్ష్మీదేవమ్మ అది చూసింది. అటూ ఇటూ చూసి, లోపలికి వెళ్ళి తన సంచి పట్టుకొచ్చింది.

మధ్యాహ్నానికల్లా మూల నిండింది, జగదీష్ ఫోను చేశాడు.