పళ్ళేల కిటికీ

చిల్లీ మాంసంకూర గిన్నె అడుగంటింది. ఆర్డిత్ పావెల్కా గరిటె తిరగేసి, కాడ కొసతో ఆ నల్లటి చెక్కును గీకుతోంది. చెక్కు ఊడిరాదు. మంట తగ్గించమని ఆమె పొద్దుట్నించీ చెబుతూనే ఉంది, ఎవరూ వినలేదు. గీకడానికి మాత్రం ఆమె ఉంది. సంతమైదానం హాలు వెనకాల ఉన్న ఆ వంటగదిని ఎవరు కట్టారో గాని సింకును మరీ కిందికి పెట్టారు. పొడుగాటి మనిషి కావడంతో ఆమె వంగి వంగే నిలబడింది. నడుములో మొదలైన సలుపు ఇప్పుడు ఎడమ భుజం దాకా పాకింది.

తలుపుకు అవతల బొంతల ప్రదర్శన జరుగుతోంది. చెక్కనేల మీద జనం నడుస్తున్న చప్పుడు, ఆడవాళ్ళ మెచ్చుకోళ్ళు, ఎవరో ముసలాయన దగ్గు వినబడుతున్నాయి. ఆ హాల్లో ఏదో ఒక గోడకి ఆర్డిత్ చేసిన బొంత కూడా వేలాడుతోంది. ఏ గోడకో ఆమె ఇంకా చూడలేదు.

ఆమె కోరుకున్న పని ఇది కాదు. ప్రదర్శనలో బొంతల్ని జనం ముట్టుకోకూడదు. తెల్లటి చేతితొడుగులు వేసుకున్న ఆడవాళ్ళు వరసల మధ్య నిలబడి, ఎవరైనా అడిగితే బొంత కొస ఎత్తి వెనకవైపు కుట్టు చూపిస్తారు. ఏళ్ళ తరబడి ఆర్డిత్‌కి ఆ పని మీద మనసు. ఈసారి నోరు తెరిచి అడిగింది కూడా. తొడుగులు ఉతికి, ఇస్త్రీ చేసి, చేతిసంచిలో పెట్టుకుని వచ్చింది. గుమ్మంలోనే గ్వెండా ఎదురైంది. బొంతల సంఘానికి అధ్యక్షురాలు ఆవిడ. మంచి మనిషే, కాని సుడిగాలిలా తిరుగుతుంది. ఎదుటివాళ్ళ జవాబు కోసం ఆగే తీరిక ఉండదు.

“ఆర్డిత్, నువ్వు వంటింట్లో ఉంటే నాకు సగం బెంగ తీరుతుందే. ఆ కాఫీ, ఆ గిన్నెలు, ఆ గోలంతా నీకు తెలిసినట్టు ఇంకెవరికి తెలుసు చెప్పు?”

చెప్పడానికి ఆర్డిత్ నోట్లో మాట ఉంది. అది బయటికి వచ్చేలోపు గ్వెండా వెళ్ళిపోయింది. ఆర్డిత్ బతుకులో చాలా మాటల గతి అదే.

బడి భోజనశాలలో పళ్ళేలు అందుకుని కడిగే పని ఆమెది. మైలోని పెళ్ళాడి వెస్లీ అనే ఈ ఊరికి వచ్చిన కొత్తలో, ఒక చలికాలం గడిస్తే చాలనుకుని చేరింది. మైలో ధాన్యపు గిడ్డంగిలో పనిచేశాడు, పని మానేశాడు, పోయాడు కూడా. ఆమె ఇంకా అక్కడే ఉంది. వాళ్ళకి పిల్లలు కలగలేదు. ఆ సంగతి ఊళ్ళోవాళ్ళు అడగడం ఎప్పుడో మానేశారు.

భోజనశాల గోడలో అడ్డంగా, పొడుగ్గా ఒక కిటికీ ఉంటుంది. తినడం అయిన పిల్లలు పళ్ళేలు అందులోంచి లోపలికి తోస్తారు. ఇవతల ఆవిరి, నీళ్ళు, పసుపుపచ్చ రబ్బరు తొడుగులు వేసుకున్న ఆర్డిత్. కిటికీ పైఅంచు కిందికి ఉండడంతో ఆమెకు పిల్లల ముఖాలు కనబడవు, మోచేతుల నుంచి చేతులు మాత్రమే కనబడతాయి. కొరికిన గోళ్ళ చేతులు, సిరా మరకల చేతులు, పులిపిరి ఉన్న బొటనవేలు, చొక్కా చేతి అంచు నమిలే అలవాటున్న పిల్ల తడి ముంజేయి. శరత్కాలంలో వచ్చిన చేతులు వసంతానికి కాస్త పెద్దవవుతాయి. కొన్నేళ్ళకి మీసాలొచ్చే వయసు చేతులై, ఒకరోజు రావడం మానేస్తాయి. ఆ చేతుల తాలూకు మనుషులు తర్వాత బజార్లో ఎదురైనా ఆమెకు తెలియదు. వాళ్ళకీ ఆమె తెలియదు.

ఏటా సంఘం ఒక పందెం పెడుతుంది. అందరికీ ఒకే గుడ్డ ఇచ్చి ఒక విషయం చెబుతారు. ఆ గుడ్డ కనబడేలా, ఎవరికి తోచిన చిత్రబొంత వాళ్ళు కుట్టాలి. మంచం మీద కప్పుకునేది కాదు, పటంలా గోడకి తగిలించేది. ఈసారి ఇచ్చిన విషయం ‘నేను రోజూ చూసేది’. గుడ్డ మాత్రం ఆవపిండి రంగు మీద ఊదారంగు చేపలు. దాన్ని విప్పి చూసి, ఆర్డిత్ పక్కింటి మార్విస్, “దీని మీద మా కుక్క కూడా పడుకోదు” అంది.

మిగతావాళ్ళు సూర్యాస్తమయాలు, ఎర్రపిట్టలు, పశువుల కొట్టాలు కుట్టారు. ఆర్డిత్ పళ్ళేల కిటికీ కుట్టింది. అనుకున్నంత సులువుగా రాలేదది. మొదట వేళ్ళన్నీ ముల్లంగి దుంపల్లా వచ్చాయి. విప్పింది. చిన్న కత్తెరతో మళ్ళీ కత్తిరించి అతికితే అంచులు పీచులు లేచాయి. మళ్ళీ విప్పింది. ఆవిరి కోసం పైన పల్చటి తెర వేస్తే అది సూది కింద ముడతపడింది. ఒక ఆదివారమంతా కుట్టింది సోమవారం ఊడదీసి, మిషను మీద తల ఆనించి కూర్చుంది. ఏడుపు కాదు, ఒళ్ళు మంట. తన కళ్ళకి అంత స్పష్టంగా ఉన్నది తన చేతికి ఎందుకు రాదు? ఆఖరికి వచ్చింది. కిటికీ అవతల నుంచి రెండు వరసల్లో పిల్లల చేతులు. మధ్యలో, వాటి వైపు చాచిన రెండు పెద్ద తొడుగులు. ఆ తొడుగులే ఆవపిండి రంగు, వాటి మీదే ఊదా చేపలు.

నిన్న సాయంత్రం ఓమహా నగరం నుంచి వచ్చిన న్యాయనిర్ణేత అన్నీ చూసి వెళ్ళింది. బహుమతి రిబ్బన్లు ఎవరికి వచ్చాయో ఈపాటికి అందరికీ తెలుసు. ఆర్డిత్‌కి రాలేదు. రాదని ఆమెకూ తెలుసు, ఎప్పుడూ రాలేదు గనక. మధ్యాహ్నం కాఫీ కప్పులు తెచ్చి పెడుతూ గ్వెండా, తీపి మాట చెబుతున్నట్టుగా, న్యాయనిర్ణేత కుట్టుపనిని చాలా మెచ్చుకుందని చెప్పింది. తర్వాత తల పక్కకి వంచి ఇంకో ముక్క కలిపింది.

“ఒక్కటే అందిట. అన్నీ చేతులే, ఒక్క ముఖమైనా ఉంటే మనసుకి పట్టేది అని.”

ఆర్డిత్ కడిగిన కప్పునే మళ్ళీ కడిగింది.

“విన్నావా?” అంది మార్విస్, గ్వెండా వెళ్ళాక. దాల్చినచెక్క రొట్టెలు ముక్కలు కోస్తోంది ఆవిడ. “ముఖం కావాలిట. ఆ మహాతల్లి ముఖం ఒకటి కుట్టి అతికించకపోయావా మధ్యలో.”

ఆర్డిత్ నవ్వలేదు. కిటికీలో ముఖాలు కనబడవని చెబితే వినేవాళ్ళెవరు? కనబడనిదాన్ని కనబడిందని కుడితే అది రోజూ చూసేది ఎలా అవుతుంది? ఈ రెండు మాటలూ న్యాయనిర్ణేతతో అనాల్సినవి. ఆవిడ నిన్ననే కారెక్కి వెళ్ళిపోయింది. ఆర్డిత్ అడుగంటిన గిన్నెను మళ్ళీ ఎత్తి సింకులో ధబీమని పడేసింది. నీళ్ళు మార్విస్ మీద చిందాయి.

“ఓ పావుగంట ఇవి నువ్వు చూడు. నేను అవతలికి వెళ్ళొస్తా.”

“ఇప్పటికైనా,” అంది మార్విస్ ముఖం తుడుచుకుంటూ.

చేతులు ఆరనైనా లేదు, ఆర్డిత్ తెల్ల తొడుగులు తీసి ఎక్కించుకోబోయింది. నానిపోయి ఉబ్బిన వేళ్ళకి అవి పట్టలేదు. పళ్ళతో లాగి ఒకటి, గోడకి రుద్ది ఒకటి, ఎలాగో ఎక్కించింది. హాల్లో రిబ్బన్లు వచ్చిన బొంతలు ముందు వరసలో, మంచి వెలుతురులో ఉన్నాయి. రెండో వరసలోనూ తనది లేదు. వెనక గోడ మీదా లేదు. మరుగుదొడ్లకి వెళ్ళే మలుపులో, మంటలార్పే సిలిండరు పక్కన కనబడింది. దాని ముందు లాటరీ చీట్ల బల్ల ఒకటి వేసి ఉంది. బల్ల మీద బహుమతులుగా పెట్టిన బుట్టలు, పూలకుండీ, మిఠాయి సీసా. బొంతలో కింది వరస చేతులు ఆ సామాను వెనక మునిగిపోయాయి. పెద్ద తొడుగులు ఎవరి వైపు చాచి ఉన్నాయో చూసేవాడికి తెలిసే దారే లేదు.

ఆర్డిత్ బల్ల దగ్గరికి వెళ్ళింది. బల్ల పక్కన కూర్చున్న గ్వెండా భర్త ఏదో పలకరించబోయాడు. ఆమె బల్ల అంచు పట్టుకుని లాగింది. అది కదల్లేదు. ఆయన కంగారుగా లేచి, పొద్దున్న వెలుతురు కోసం అక్కడ వేశాననీ, వెనక ఏముందో చూసుకోలేదనీ చెప్పుకొచ్చాడు. ఆమె వినలేదు. నడుం వంచి, పళ్ళు బిగించి, రెండోసారి లాగింది. కాళ్ళు నేల మీద కీచుమంటూ బల్ల జరిగింది. నలుగురు తిరిగి చూశారు. మిఠాయి సీసా పడబోతే ఆయన పట్టుకున్నాడు. ఆర్డిత్ భుజం భగ్గున మండింది, చెమట చెవుల వెనకనుంచి కారింది. కిందివరస బయటపడింది. ఆమె గోడకి చేరబడి ఊపిరి తీసుకుంది.

జనం వస్తూ పోతూ ఉన్నారు. వాళ్ళు వెతుకుతున్నది మరుగుదొడ్డి. ఒకావిడ బొంత ముందు ఆగి, గుడ్డ మీది చేపల్ని గుర్తుపట్టి నవ్వి వెళ్ళింది. పావుగంట దాటిపోయింది. వంటింట్లోంచి కప్పులు అయిపోయాయన్న గ్వెండా కేక వినబడింది. ఆర్డిత్ కదలబోతుండగా ఒక భారీ మనిషి, భార్య కోసం కాబోలు ఎదురుచూస్తూ, బొంత ముందుకొచ్చి నిలబడ్డాడు. నలభై దాటి ఉంటాయి. విత్తనాల కంపెనీ టోపీ, మట్టి పట్టిన బూట్లు. ఊరికే చూసి, మళ్ళీ చూసి, టోపీ తీశాడు.

“ఏవండీ, ఇది మా బడి కిటికీ కదూ?” అన్నాడు, తెల్ల తొడుగులు చూసి.

“ఔను.”

“పళ్ళేల కిటికీ. నాకు తెలుసు.” అతను దగ్గరికి వంగాడు. కింది వరసలో మూడు వేళ్ళు మాత్రమే బయటికి కనబడే ఒక పిండికట్టు చెయ్యి ఉంది. కట్టు మీద ఆకుపచ్చ దారంతో పిచ్చిగీతలు. “ఇది నాది. ఒట్టు. గడ్డిమోపుల మీంచి పడి విరగ్గొట్టుకున్నా. ఆకుపచ్చ పెన్నుతో మా అన్న ట్రాక్టరు బొమ్మ గీశాడు దీని మీద. ఇదెలా తెలిసిందో వీళ్ళకి?”

 ఆర్డిత్ బొంత కొస ఎత్తి వెనకవైపు చూపించింది, ఆ పనే తన పని అన్నట్టు. అతను కుట్టును చూడలేదు.

“ఒంటి చేత్తో పళ్ళెం ఎత్తలేకపోయేవాణ్ణి. అంతా వలికిపోయేది. వెనకాల పిల్లలు తిట్టేవాళ్ళు. లోపల ఒకావిడ ఉండేది, పసుపుపచ్చ తొడుగులావిడ. కిటికీలోంచి భుజం దాకా బయటికి చాచి నా పళ్ళెం తనే అందుకునేది. కట్టు విప్పిందాకా రోజూ. ఏమీ అనేది కాదు. ఆవిడ ముఖం మాకెవరికీ తెలీదు. ఆవిర్లో చేతులే.” అతను టోపీని నలిపాడు. “ముసలావిడయ్యుంటుంది ఇప్పటికి. బతికే ఉందంటారా?”

ఆర్డిత్ అతని చేతుల వైపు చూసింది. లావైపోయాయి, కాయలు కాచాయి. చిటికెన వేలు మాత్రం అప్పటిలాగే బయటికి వంగి ఉంది.

“ఉంది,” అంది.

“కనబడితే నేను అడిగానని చెప్పండి. నా పేరు ఆవిడకి తెలీదులెండి. పిండికట్టువాడు అంటే చాలు.”

అప్పుడు చెప్పాల్సింది. మాట నాలుక కొస దాకా వచ్చింది. ఇంతలో అతని భార్య వచ్చింది, పిల్లలు కార్లో గోల చేస్తున్నారని చెయ్యి పట్టుకు లాగింది. వంటింట్లోంచి గ్వెండా రెండోసారి కేకేసింది. అతను వెళుతూ వెళుతూ తలుపు దగ్గర ఒకసారి వెనక్కి తిరిగి, ఆర్డిత్ వైపు కాదు, బొంత వైపు చూశాడు.

వంటింట్లోకి వచ్చి ఆమె తొడుగులు లాగేసింది. సింకు నిండా కప్పులు. ఒళ్ళు మంట తగ్గలేదు. తన నోటి మీదే ఇప్పుడది. ఇంత వయసొచ్చి, ఇంత దూరం వచ్చి, ‘అది నేనే’ అన్న రెండు ముక్కలు అనలేని నోరు.

“ఏమైందే, అలా ఉన్నావు?” అంది మార్విస్.

“ఒకడు చూశాడు.”

“ఏమన్నాడు?”

“ముఖం కావాలనలేదు,” అంది ఆర్డిత్. ఒక కప్పు అందుకుని, “చేతులు పెద్దవయ్యాయి,” అంది.

మార్విస్‌కి అర్థం కాలేదు. ఈసారి ఆర్డిత్ పెదవి ఒక పక్కకి లేవడం చూసి, ఇంకేమీ అడగలేదు.

మూసేవేళకి గ్వెండా ఒక్కొక్కరికీ వచ్చే ఏడాది పందెం గుడ్డ పంచుకుంటూ వంటింటికి వచ్చింది. మడతపెట్టి దారంతో కట్టిన చిన్న పొట్లాలు. విషయం ‘ఇంటికి వెళ్ళే దారి’ అని చెప్పి, బల్ల సంగతి తన మొగుడు చెప్పాడనీ, తను ముందే చూసుకోవాల్సిందనీ, ఈసారి నిలబడి, నెమ్మదిగా అంది. వచ్చే ఏడు నిన్ను హాల్లోనే ఉంచుతాననీ అంది. ఆర్డిత్ పొట్లం అందుకుంది. తడి బొటనవేలితో దారం కింద ఒక మడత తప్పించి లోపలి రంగు చూడబోయింది. ముడి బిగుసుకుపోయి ఉంది. విసుక్కుని దాన్ని సింకు పైన కిటికీ గట్టు మీద పెట్టింది. కాస్త గాలి కావాలని, పెరటి తలుపు తెరిచి, గుమ్మం పక్కన మడతకుర్చీలో కూర్చుంది.

హాల్లో బొంతలు దించుతున్నారు. మార్విస్ మిగిలిన కప్పులు కడిగి, తుడిచి, పెట్టెలో సర్ది, పంచదార డబ్బా మూత వెతికి, అప్పుడు పిలిచింది. మైదానం అవతల కోసేసిన మొక్కజొన్న చేను మీంచి చల్లటి గాలి వస్తోంది. ఆర్డిత్ తల తలుపు చట్రానికి ఆనించి ఉంది. చేతులు ఒళ్ళో వెల్లకిలా ఉన్నాయి. నిద్రపోయిందనుకుని మార్విస్ తన కోటు తెచ్చి కప్పింది. కప్పుతూ చల్లబడిపోయిన ఆ చేతిని తాకి, కోటు అలాగే పట్టుకుని, అక్కడే నేల మీద కూర్చుండిపోయింది. కొంతసేపటికి గాని ఎవరినీ పిలవలేదు.

అందరూ వచ్చి, చెయ్యాల్సినవి చేసి, ఆమెను తీసుకువెళ్ళాక వంటింట్లో దీపం ఆర్పడం ఎవరికీ గుర్తులేదు. సింకు పైన కిటికీ గట్టు మీద గుడ్డ పొట్లం ఉంది. ముడి వీడలేదు, ఒక మడత కింద బొటనవేలంత మేర తడిసిన చోట, లోపలి నీలం కొద్దిగా బయటికి కనబడుతోంది.