మబ్బుకు మూత

చెల్పూరు కరెంటు ప్లాంటు క్వార్టర్లలో ఐలేశ్ పొద్దున లేవగానే చూసేది భార్య ముఖం కాదు, చేపల తొట్టి. అదీ ఉప్పునీళ్ల తొట్టి. సముద్రం ఎన్నడూ చూడనివాడు ముందుగదిలో సముద్రం పెట్టుకున్నాడని ఇరుగుపొరుగు నవ్వేవారు.

తొట్టి నీళ్లు ఆవిరైతే ఉప్పు కిందే ఉండిపోతుంది, నీళ్లొక్కటే పైకి పోతాయి. ఐలేశ్ ఇంట్లో ఆ ఆవిరి దిండంత మబ్బై కప్పు కింద వేలాడేది. పొద్దుగూకే వేళకు మళ్లీ తొట్టిలోనే కురిసేది. ఎండలు ముదిరాక మబ్బుకు కాళ్లొచ్చాయి. కిటికీలోంచి పోయి పక్కింటి మిద్దె మీద కురిసింది.

"ఐలేశన్నా, నీ మబ్బును జర కట్టేసుకోరాదే! ఎండబోసిన మిరపకాయలన్నీ తడిసినయ్," అని పక్కింటి సంధ్య మేక గురించి చెప్పినట్టు చెప్పి పోయింది.

మబ్బు బయట కురిస్తే తొట్టిలో నీళ్లు తగ్గి ఉప్పెక్కువవుతుంది. రోజూ చెంబెడు మంచినీళ్లు పోస్తే తీరిపోయే పని. ఐలేశ్‌కు ఆ ఓపిక లేదు. తొట్టి మీద అద్దం మూత బిగించాడు. ఏ సందులోంచైనా మబ్బు జారుకుంటుందేమోనని ఇంట్లో కిటికీలన్నీ మూసేశాడు.

అప్పుడే అత్త నర్సమ్మ కొత్తగూడ నుంచి వచ్చింది. ఆమెకు దమ్ము, ఊపిరాడని ఆయాసం జబ్బు. కూతురి పెళ్లయిన నాటి నుంచి అల్లునితో ఒక్క మాట మాట్లాడలేదు. వాళ్ల ఊళ్లో అత్తల మర్యాద అది. అల్లుడు ఇంట్లో ఉన్నంతసేపూ కొంగు కప్పుకొని వెనక గదిలోనే కూర్చునేది.

"అమ్మకు గాలాడుతలేదు. కిటికీలు జర తియ్యుండ్రి," అంది భార్య పద్మలత.

"తీస్తే నీళ్లు ఎగిరిపోతయ్. ఉప్పెక్కువైతే చేపలు సస్తయ్. జర ఓర్సుకోమను మీ అమ్మను."

పద్మలత ముఖం మాడ్చుకొని డ్యూటీకి పోయింది.

మధ్యాహ్నం అన్నం తింటూ చూస్తే, చేపలన్నీ పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నాయి. ఐలేశ్‌కు చూడగానే తెలిసిపోయింది. మూత పెడితే నీళ్లలోకి మంచిగాలి దిగదు, చెడుగాలి బయటికి పోదు. ఎంగిలి చేత్తోనే ఉరికి మూత తీశాడు, ఫ్యాను వేశాడు.

"అయ్యో నా తల్లులారా, ఎంత గోస పెట్టిన!" అని చేపలను బుజ్జగించాడు.

మూత కింద చిక్కిన మబ్బు లేచింది. కప్పు కింద ఆగకుండా మెల్లగా వెనక గదిలోకి దూరింది. పరుపు తడుపుతుందని తిట్టుకుంటూ ఐలేశ్ వెంటపడ్డాడు.

నర్సమ్మ మంచం పట్టె పట్టుకొని కూర్చుంది. కొంగు జారిపోయింది. పెదవులు నల్లబడ్డాయి. నోరు తెరుస్తోంది, మూస్తోంది, అచ్చం చేపల్లాగే. మబ్బు ఆమె ముఖం మీద సన్నగా కురుస్తోంది. గోడ ఇవతలే కూర్చొని ముద్దలు మింగుతూ తను చేపల గోస కనిపెట్టాడు, మనిషి గోస వినిపించుకోలేదు. సిగ్గుతో ఐలేశ్‌కు చెవులు కాలిపోయాయి. కిటికీలన్నీ బార్లా తీసి, ఆమెను ఎత్తుకొని ఆటో కోసం రోడ్డు మీదికి పరుగెత్తాడు.

భూపాలపల్లి దవాఖానలో గాలి పెట్టాక ఆమె పెదవులకు రంగొచ్చింది.

"ఇంకింత ఆలస్యమైతే మనిషి దక్కకపోతుండె. మంచిగ తెచ్చినవన్నా," అన్నాడు డాక్టరు. "ఎప్పట్నుంచి గిట్లున్నది?"

ఐలేశ్ తల దించుకున్నాడు. నర్సమ్మ ముఖం మీది మాస్కు పక్కకు జరిపింది.

"గిప్పుడే సారూ. మా అల్లుడు ఎంబడే చూసిండు."

అల్లుని ముందు ఆమె నోరు విప్పడం అదే మొదటిసారి. డాక్టరు మెచ్చుకోలుగా ఐలేశ్ భుజం తట్టాడు. భూమి చీలితే అందులోకి పోదామనిపించింది అతనికి.