నల్లమ్మ ఇంటి గంటెలు

తెల్లారి పొయ్యి ముట్టించగానే నల్లమ్మ గోడకున్న చెక్క మీద చెయ్యి పెట్టి తడుముకునేది. గంటెలు, గిన్నెలు, చెంబులు ఉన్నాయా లేదా అని. కోడలు కాపురానికి వచ్చినప్పటి నుంచి పట్టుకున్న అలవాటది. ఆ పొద్దు చేతికి చారు గంటె తగల్లేదు.

"ఒమే చిన్నక్కా! చారు గంటె యాడికి పోయె?"

పెరట్లోంచి టంగుటంగుమని సుత్తి శబ్దం వస్తానే ఉంది. నల్లమ్మ చీర చెంగు బొడ్లో దోపుకొని బయటికి వచ్చింది. రుబ్బురోలు పక్కన కూచొని కోడలు చిన్నక్క గంటె మీద ఉలి పెట్టి కొడతా ఉంది. గంటె అప్పటికే వేపాకు మాదిరి సన్నగా తయారైంది.

"కాడ ఊగుతాండె కదత్తా, అందుకే తీసుకున్యా."

"కాడ ఊగితే కంసలాయన అతికిస్తాడు. నువ్వు ముక్కలు చేసినాక అతికిచ్చే మొగోడు యాడుండాడే?"

చిన్నక్క నవ్వి మళ్ళా సుత్తి ఎత్తింది. నల్లమ్మ గొణుక్కుంటానే అక్కడే నిలబడింది. తిట్టడానికి వచ్చిన ప్రతిసారీ ఆమెకు అదే తంటా. ఆ పిల్ల చేతులు చూస్తా నిలబడితే తిట్లు మర్చిపోయేది.

చిన్నక్క ఆ ఇత్తడి ఆకును బండ మీద అరగదీసి, అంచులు నున్నగా చేసి, నడుమ కొంచెం వంపు తెచ్చేది. వంపు లేకపోతే అది నీళ్ళలో రాయి మాదిరి పడిపోతుంది. వంపుంటే చేపపిల్ల మాదిరి అల్లల్లాడతా పోతుంది. రెండు కొసలా మేకుతో బెజ్జాలు పొడిచేది. గోనెసంచులు కుట్టే దబ్బనాన్ని పొయ్యిలో ఎర్రగా కాల్చి కొక్కెంగా వంచేది. కొక్కెం మెడకు సీసం కరిగించి పోసేది. చివరకు చింతపండు, బూడిద పెట్టి తోమి, కోడిపుంజు ఈక ఒకటి కట్టేది. ఎండలో పెడితే కండ్లు చెదిరేవి. ఊళ్ళో దాన్ని తళుకు గాలం అనేవాళ్ళు.

గుమ్మఘట్టకు కూతవేటు దూరంలోని పల్లె అది. హగరి ఏటి మీద డ్యాము కడతారంట అనే మాట అప్పటికింకా మాటగానే తిరుగుతా ఉంది. వానలు మొహం చాటేసిన ఏండ్లు. బావుల్లో చేద వేస్తే రాళ్ళు తగిలేవి.

నల్లమ్మ కొడుకు ఎర్రిస్వామి ఒక ఏడు చెరుకు నరకడానికి హోస్పేట పక్కకు పోయి, పెండ్లి చేసుకొని వచ్చినాడు. పిల్ల తుంగభద్ర ఒడ్డున పుట్టిన బెస్తల పిల్ల. తండ్రి తిప్పయ్య ఏట్లో తోలుపుట్టి మీద పోయి చేపలు పట్టేవాడు. గాలాలు కొనేదానికి దుడ్లు లేక ఇంట్లో విరిగిన గిన్నె, అరిగిన గంటె అన్నీ తళుకులు చేసేవాడు. చిన్నక్క ఆ విద్య ఒడిలో కూచొని నేర్చుకుంది.

కాపురానికి వచ్చిన మొదటి ఎండాకాలం, మిట్టమధ్యాన్నం ఊరి పడమటి బీడు పక్కకు పోయి, ఆ పిల్ల నోరు తెరుచుకొని నిలబడింది. బీడంతా ఎండమావి. కనుచూపు మేర నీళ్ళు అలలు కొడతా ఉన్నాయి.

"ఇన్ని నీళ్ళు పెట్టుకొని చేపలు ల్యావంటారేందత్తా?" అని అడిగింది.

"ఆ నీళ్ళు తాగడానికి పనికిరావు. చేపలుండేదీ ల్యానిదీ మాకేం తెలుసు? పట్టేటోళ్ళు మాలో యాడుండారు?" అనింది నల్లమ్మ.

చిన్నక్క ఆ నీళ్ళలోకి గాలం విసిరింది. ఆ రాత్రికి నల్లమ్మ ఇంట్లో చేపల పులుసు ఉడికింది. పక్కింటి ఆదెప్ప గిన్నె పట్టుకొని వచ్చి, "కొంచెం పులుసు పొయ్యమ్మా, సంగటిలోకి ఏమీ ల్యాదు" అని పెట్టించుకొని పోయినాడు. ముళ్ళు ఎక్కువున్నాయని ఒకరన్నారు, ఉప్పు తక్కువైందని ఇంకొకరన్నారు. అంతకుమించి ఎవరూ ఏమీ అడగలేదు.

ఒకటే చిక్కు. ఆ చేపలు అంగడి రేకును ముట్టవు. ఎర్రిస్వామి రాయదుర్గం నుంచి కొత్త ఇత్తడి రేకు తెచ్చిస్తే రోజంతా విసిరినా ఒక్కటి కరవలేదు. మనుషులకు అన్నం పెట్టిన లోహమైతేనే నోరు తెరుస్తాయి. అట్లా నల్లమ్మ ఇంట్లో గంటెలు ఒకటొకటే బీడు దారి పట్టినాయి.

చారు గంటె పోయిన రోజు ఎర్రిస్వామి బండి కట్టుకొని రాయదుర్గం పోయినాడు. ఎండ నెత్తి మీదికి వచ్చినా కోడలు ఇల్లు చేరకపోయేసరికి నల్లమ్మ ముంతలో అంబలి పోసుకొని బీడుకు నడిచింది. బుట్టలో చేపలు నిండుగానే ఉన్నాయి. అయినా చిన్నక్క ఇంకా దూరంగా, ఒళ్ళంతా విదిలించి గాలం విసురుతాంది. విసిరి, కొంచెంసేపు నీళ్ళ పక్క చూసి, పండ్లతో దారం కొరికి వదిలేసింది.

"ఓయమ్మో, నా గంటె!" నల్లమ్మ ముంత కింద పెట్టి ఉరికింది. "చేపల కోసరమని నేను నోరు మూసుకొని ఉంటే, నీళ్ళ పాలు చేస్తాండావా? ఇన్ని దినాలూ ఇదేనా నువ్వు చేసేది?"

చిన్నక్క తలకాయ దించుకుంది. 

"మా ఊరు తుంగభద్ర డ్యాము నీళ్ళలో మునిగిపోయె కదత్తా. మీ కొడుకు పోయి వెతికి వచ్చె. మా నాయనా అమ్మా యాడికి పోయినారో చెప్పేవాళ్ళు ల్యాకపోయిరి. మా నాయన ఈ ఊరు చూసినోడు కాదు. రాయదుర్గం అవతల ఎర్రమన్ను ఊరని మాత్రం తెలుసు." చేతిలోని దారం ముక్క వేలికి చుట్టుకుంటా చెప్పింది. "నీళ్ళన్నీ యాడో ఒకచోట కలుస్తాయని అంటాండె మా నాయన. తళుకు మీద చేప కన్ను మాదిరి సొట్ట కొట్టేది మా ఇంటి గుర్తు. యాడన్నా ఆయన చేతికి తగిలితే, నేనుండానని తెలుస్తాది."

నల్లమ్మ వెనక్కి పోయి ముంత తెచ్చింది. నేల మీద చతికిలబడి అంబలి ముంత కోడలి చేతికిచ్చింది. ఆమె తాగేంతవరకూ నీళ్ళకల్లే చూస్తా కూచుంది.

మరుసటి పొద్దున రుబ్బురోలు పక్కన పప్పు గంటె పెట్టి ఉంది.

"కాడ ఊగుతాంది," అనింది నల్లమ్మ పొయ్యి ఊదుతా. చిన్నక్క తీసి చూస్తే కాడ గట్టిగానే ఉంది.

చైత్రం పోయి వైశాఖం వచ్చింది. ఒక మధ్యాన్నం చిన్నక్క గాలానికి పెద్ద చేప పడింది. అత్తాకోడళ్ళిద్దరూ లాగితే గానీ గట్టెక్కలేదు. దాని దవడలో అప్పటికే ఇంకొక తళుకు గుచ్చుకొని ఉంది. చిన్నక్క దాన్ని పీకి, చెంగుతో తుడిచి, అక్కడే కూలబడింది.

"ఇది నా ఉగ్గుగిన్నె అత్తా. ఇదో, పండ్లొచ్చేటప్పుడు నేను కొరికిన అంచు. ఇదో చేప కన్ను. మా నాయనత్తా! ఉండాడు!"

కోడలు ఏడుస్తా నవ్వుతాంటే నల్లమ్మ మాత్రం తళుకును చేతిలోకి తీసుకుంది. ఆ ఇత్తడి ముక్కను అటూ ఇటూ తిప్పి చూసింది. కూతురి ఉగ్గుగిన్నె మీద ఉలి పెట్టినాడంటే, ఆ ఇంట్లో ఇంకొక గిన్నె మిగల్లేదన్నమాట. కరువులో సర్కారోళ్ళు గంజి పోసే కేంద్రాల ముందర కూచున్న ముసలోళ్ళ మొహాలు ఆమె కండ్ల ముందర కదిలినాయి.

"లెయ్యి," అనింది. "ఏడ్చేదానికి రేపు టైముండాది."

రొండిన దోపుకున్న వక్కాకు తిత్తి విప్పి సున్నపుకాయ తీసింది. మొగుడు బళ్ళారి సంతలో కొనిచ్చిన ఇత్తడి కాయ. మూత ఊడదీసి అందులో నాలుగు శెనక్కాయ గింజలు వేసి, కాళ్ళ కింద ఎర్రమన్ను చిటికెడు పోసి, మూత బిగించింది.

"దీనికి కొక్కెం కట్టు."

"ఇది అన్నం పెట్టింది కాదు కదత్తా. కరుస్తాయో లేదో."

"మీ మామ పోయినాక ఎన్ని పూటలు నోట్లో ఆకూసున్నం వేసుకొని ఆకలి చంపుకున్యానో దీన్ని అడుగు. ఇది నిలబెట్టిన మాదిరి నన్ను ఏ గంటే నిలబెట్టలేదు. కట్టు!"

సున్నపుకాయ నీళ్ళలో పడీపడకముందే ఏదో కరిచింది. కరిచి, గట్టుకు రాకుండా పడమటికి పరుగు పట్టింది. దారం అయిపోవస్తాంటే నల్లమ్మ ఊళ్ళోకి కేక పెట్టింది. ఆదెప్ప బావి చేంతాడు తెచ్చినాడు. ఎద్దుల పలుపులు, మోకులు, ఉట్టితాళ్ళు కూడా వచ్చినాయి. తెచ్చినోళ్ళు తెచ్చినట్టే ముడులు వేసినారు. "ఎంతవరకు పోతాదంట?" అని ఎవరో అడిగితే, "తుంగభద్రదాకా," అన్నాడు ఆదెప్ప, ముడి బిగిస్తా. పొద్దు వాలేసరికి ఎండమావి ఇంకిపోయింది. తాడు ఒట్టి నేల మీద పడమటి దిక్కుకు పోయి కనపడకుండా పోయింది. దాని కొస తుమ్మ మొద్దుకు కట్టేసి ఇండ్లకు పోయినారు.

తర్వాత చాలా దినాలు తాడు వదులుగానే ఉంది. చిన్నక్కకు అన్నం సయించలేదు. మధ్యాన్నం నీళ్ళు లేచేటప్పుడు పోయి మొద్దు పక్కన కూచునేది. ఇంటిపని నల్లమ్మే చేసుకొనేది.

ఒక మధ్యాన్నం తాడు బిగుసుకుంది. ముందు చిన్నగా కదిలింది, తర్వాత తుమ్మ మొద్దు కిర్రుమనింది. నీళ్ళ నడుమ నల్లగా ఒక చుక్క కనపడింది. చుక్క మనిషయింది. బక్క ముసలాయన, మోకాటి లోతు నీళ్ళలో, తాడును భుజానికి చుట్టుకుంటా చుట్టుకుంటా నడిచి వస్తాండాడు.

చిన్నక్క నీళ్ళలోకి ఉరికింది. నల్లమ్మ గట్టున నిలబడి కండ్లకు చెయ్యి అడ్డం పెట్టుకొని చూసింది. తండ్రీకూతుళ్ళు ఒకరినొకరు పట్టుకొని నిలబడినారు. "అమ్మ?" అని చిన్నక్క అడగడం, ముసలాయన తలకాయ అడ్డంగా ఊపడం కనపడింది. నల్లమ్మ మొహం తిప్పుకొని తుమ్మ మొద్దుకున్న ముడి విప్పింది.

గట్టెక్కినాక తిప్పయ్య ఆమెకు చేతులు జోడించినాడు.

"అక్కా, మంచం మీద నుంచి లేచేది మానుకొని ఉంటి. ఎవరి కోసరం లేయాల? ఇంటి ముందర కట్టేసిన గాలాన్ని చేప ఈడుస్తా ఉంటే చప్పుడుకు పోయి చూస్తి. దాని నోట్లో సున్నపుకాయ, ఆ కాయలో ఎర్రమన్ను ఉండె."

"ఇంట్లోకి రా అన్నా. మాటలు తర్వాత. సంగటి ఆరిపోతాంది," అనింది నల్లమ్మ.

గడప దగ్గర అలవాటుగా కాళ్ళు కడుక్కునేదానికి చెంబు ఎత్తి, తడి ఆరని ఆయన కాళ్ళకల్లే చూసి, మళ్ళా చెంబు కిందపెట్టింది.

సాయంత్రం ఎర్రిస్వామి బండి విప్పి లోపలికి వచ్చేసరికి మంచం మీద ఎవరో నిద్రపోతాండారు. పెరట్లో దండెం మీద తడి పంచె ఆరేసి ఉంది. దాని అంచు నుంచి చుక్కచుక్కగా నీళ్ళు కారి, వాన చూడక నెర్రెలు బారిన నేల మీద చిన్న మడుగైంది. కోళ్ళన్నీ చుట్టూ చేరి తాగుతాండాయి. నల్లమ్మ వాటిని అదిలించకుండా గడపలో కూచొని చూస్తాంది.

"ఎవరమ్మా?"

"నిదానంగా మాట్లాడు. నీ మామ. చాలా దూరం నడిచొచ్చినాడు."

ఎర్రిస్వామి మంచం పక్కకు ఇంకొకసారి చూసినాడు. "ఎన్నాళ్ళుంటాడు?"

"ఎన్నాళ్ళేందిరా?" అనింది నల్లమ్మ. "పోయి నీకు ఇంకొక మంచం నులక అల్లుకో."