ఆయుధం పర్శరాములు

ఎన్నికల కోడ్ వచ్చిందంటే లైసెన్సు తుపాకులన్నీ పోలీస్ స్టేషన్లో జమ చేయాలి. ఇచ్చోడలో వాటితో పాటు పర్శరాములును కూడా జమ చేసుకునేవారు. వయసులో ఉన్నప్పుడు జాతర కుస్తీలో ఆయన పట్టుకు ఒకడి భుజం జారిపోయింది. అది చూసి బెదిరిపోయిన అప్పటి ఎస్సై, ఆ రెండు చేతులూ ఆయుధాలేనని తేల్చేశాడు. అప్పట్నుంచి ప్రతి ఎన్నికలకూ జీపు వచ్చేది. మణికట్టుకు చీటీ కట్టి, తుపాకుల గది పక్కన బెంచీ మీద కూర్చోబెట్టి, ఓట్ల లెక్కింపు అయ్యాక వదిలేవారు. ఇంకొకడైతే సిగ్గుతో చచ్చేవాడు. పర్శరాములు మీసం దువ్వుకుని మరీ జీపెక్కేవాడు.

ఈసారి జీపు రాలేదు. ఇస్త్రీ బట్టలేసుకుని వాకిట్లో ఎదురుచూసి ఎదురుచూసి, చివరికి తనే ఆటో ఎక్కాడు. కుడిచెయ్యి తువ్వాలు కింద దాచుకున్నాడు. ఏడాదిగా ఆ చెయ్యి వణుకుతోంది. భార్య చంద్రవ్వకు కూడా తెలియనీయలేదు, చాయ్ సైతం ఎడమచేత్తోనే తాగుతున్నాడు.

"సార్, నన్ను మర్శిపోయిండ్రా? జమ చేసుకోండ్రి," అన్నాడు.

కొత్త ఎస్సై కరుణాకర్ తలెత్తాడు. "తాతా, చట్టంల మనిషి ఆయుధం కాదు. ఇన్నేండ్లు తప్పు చేసిండ్రు. ఇంటికి పో."

"కుస్తీ నేర్సిన చెయ్యి సార్! కత్తి కంటె డేంజర్."

"ఏదీ, జర చూపియ్యి."

తువ్వాలు తియ్యలేదు పర్శరాములు. ఏ గోదాలోనూ ఇంత అవమానం ఎరగడు.

అంతలో అన్నం టిఫిన్‌తో చంద్రవ్వ వచ్చింది. మొగుడి మొహం చూసింది, తువ్వాలు చూసింది, ఎస్సై మీద విరుచుకుపడింది.

"గీ మనిషిని ఇంట్ల పెట్టుకోమంటున్నవా సారూ? తుపాకి ఎవలన్న వత్తితేనే పేలుతది. గీయనను ఎవ్వలు వత్తే పని లేదు, ఆయనంతట ఆయనే లేస్తడు! పక్కింటోళ్లకు ఏమన్నయితే జిమ్మెదారి నీదేనా?"

ఎస్సై ఊగుతున్న తువ్వాలు వంక చూశాడు, ఆమె కళ్లలో నీళ్లు చూశాడు.

"నిజమే, ఇది డేంజర్ కేసే," అని చీటీ, దారం తెప్పించాడు. కడుతుంటే పర్శరాములు చెయ్యి వణికింది. కానిస్టేబుళ్లు భయపడ్డట్టే దూరం జరిగారు.

లెక్కింపు అయ్యాక చంద్రవ్వ విడిపించుకోవడానికి వచ్చింది.

"పైలం అవ్వా, లోడయి ఉన్నది," అన్నాడు ఎస్సై.

ఆమె ఆ కుడిచెయ్యే పట్టుకుని బజార్లోకి నడిచింది.

"ఇడువే, మంది చూస్తుండ్రు. చెయ్యి..."

"వణుకుతది. ఏడాది సంది నాకెరుకనే," అంది చంద్రవ్వ.

ఎంత గట్టి పట్టయినా విడిపించుకున్న పహిల్వాన్, ఇల్లు చేరేదాకా ఆ పట్టు మాత్రం విడిపించుకోలేదు.